రెండు నిమ్మలు, రెండు పచ్చలు

సందేహం: స్కిటిల్స్ అనే పండ్ల రుచుల మిఠాయి గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తూ లెమన్‌నూ లైమ్‌నూ కూడా ‘నిమ్మ’ అనీ, గ్రీన్ ఆపిల్‌ను ‘పచ్చి ఆపిల్’ అనీ రాశాను. ఇవి సరైన ప్రయోగాలేనా? బహువచనంలో ‘స్కిటిల్సులు’ అనవచ్చా?

సమాధానం: ‘పచ్చి ఆపిల్’ సరికాదు. ‘పచ్చి’ పండనిదానికీ, ఉడకనిదానికీ, కాచనిదానికీ వాడే విశేషణం. పచ్చి మామిడి, పచ్చి కూర, పచ్చి పాలు అంటాం. గ్రీన్ ఆపిల్ అనేది బాగా పండిన తరువాత కూడా తొక్క ఆకుపచ్చగానే ఉండే రకం కనుక, మీ వాక్యం చదివిన పిల్లలు దానిని ఇంకా పండని కాయగా అర్థం చేసుకుంటారు. ‘పచ్చ ఆపిల్’ అని కుదించడమూ నాకు సమ్మతం కాదు. పచ్చని చేను అన్నప్పుడు ఆకు రంగును, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగును చెప్పే మాట అది. పసుపు రంగు ఆపిల్ పండ్లూ ఉన్నాయి కదా! అందువల్ల ‘ఆకుపచ్చ ఆపిల్’ అనే రాయండి.

నిమ్మ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ మిఠాయిలో పసుపు బిళ్ళది లెమన్ రుచి, ఆకుపచ్చ బిళ్ళది లైమ్ రుచి. తెలుగువారు నిత్యం ‘నిమ్మ’ అని పిలిచే చిన్న, పలుచని తొక్క గల పండు లైమ్‌కే దగ్గర. అయినా వాడుకలో ఆ ఒక్క మాటే రెండింటికీ చెల్లిపోతోంది. మామూలు సందర్భంలో దానివల్ల నష్టం లేదు. అయితే అమెరికాలో 2013లో లైమ్‌ను తొలగించి ఆకుపచ్చ ఆపిల్ రుచిని చేర్చి, 2021లో మళ్ళీ లైమ్‌ను తెచ్చిన సంగతిని రాయవలసి వస్తే, ‘నిమ్మను తొలగించారు’ అన్న వాక్యం పసుపు బిళ్ళ కూడా పోయిందనిపిస్తుంది. ఇటువంటి చోట లెమన్, లైమ్ అన్న మాటలనే తెలుగు లిపిలో ఉంచడం మేలు.

రంగు పేరుతోనే సరిపెట్టుకోవచ్చునని కొందరికి తోచవచ్చు. అదీ నిలవదు: ఊదా రంగు బిళ్ళ అమెరికాలో ద్రాక్ష రుచితోనూ, బ్రిటన్‌లో బ్లాక్ కరెంట్ అనే చిన్న నల్లని పండు రుచితోనూ వస్తుంది. రంగునూ రుచినీ కలిపి ‘ద్రాక్ష రుచి గల ఊదా బిళ్ళ’ అని ఒకసారి చెప్పి, తరువాత రుచి పేరుతో సాగడమే నేను మెచ్చే పద్ధతి. సోర్ రకానికి ‘పుల్లని స్కిటిల్స్’ సహజంగా ఉంటుంది. ట్రాపికల్, వైల్డ్ బెర్రీ వంటివి అమ్మకపు పేర్లు కనుక అలాగే ఉంచవచ్చు.

ఇక ‘స్కిటిల్సులు’. ‘బస్సు’లోని సకారం ఆ పదానిదే కనుక ‘బస్సులు’ ఒప్పు. స్కిటిల్స్‌లోని చివరి సకారం ఆంగ్ల బహువచన ప్రత్యయం. దానిపై మన ‘లు’ చేరిస్తే బహువచనం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ‘స్కిటిల్స్ పుల్లగా ఉన్నాయి’ అనండి. ఒక్కదానిని చెప్పవలసి వస్తే ‘స్కిటిల్స్ బిళ్ళ’ అనండి.