పాత ప్రాసెసర్ ఫోన్లు: అల్లుడికి నాలుగు మాటలు

అల్లుడూ,

ఏదో కంపెనీ పాత మొబైల్ ప్రాసెసర్లు, అంటే ఫోన్‌కు మెదడులాంటి చిప్పులు, ఆపేస్తోందని విని నువ్వు టెన్షన్ పడుతున్నావట. అప్పు చేసైనా నీ ఫోన్ రిపేర్ షాపుకు ఆ చిప్పులు కొని పెట్టుకుంటానన్నావని అక్కయ్య ఫోన్లో చెప్పింది. ముందు ఆ అప్పు సంగతి మానుకో.

ఒక రకం చిప్పు తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినా సరుకు మర్నాటికే మాయం కాదు. ఆఖరి ఆర్డర్లకు ఒక తేదీ, ఆఖరి సరఫరాకు ఇంకో తేదీ ఇస్తారు. అప్పుడు ఎగబడి కొనాల్సింది ఫోన్లు తయారుచేసేవాళ్లు, మనం కాదు. 2012లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు ఫోన్లకు ఓమాప్ ప్రాసెసర్లు చేయడం మానుకుని ఇలాగే పక్కకు తప్పుకున్నారు. అప్పటికే యాపిల్, శాంసంగ్ సొంత చిప్పులు చేసుకుంటున్నాయి, క్వాల్‌కామ్ నెట్‌వర్క్ పట్టుకునే మోడెమ్‌ను కూడా ప్రాసెసర్‌లోనే కలిపి ఇస్తోంది, ఇక వీళ్ల దగ్గర కొనేదెవరు? కార్లు, ఫ్యాక్టరీ యంత్రాల వైపు మళ్లారు. 1,700 మంది ఉద్యోగాలు పోయాయి పాపం. ఓమాప్ ఉన్న ఫోన్లు మాత్రం ఆ తర్వాత కూడా నెల్లూరులో నా రిపేర్ టేబుల్ మీదికి వస్తూనే ఉండేవి, డిస్‌ప్లే పగిలో, చార్జింగ్ పిన్ను లూజయ్యో. ప్రాసెసర్ పోయి వచ్చినవి బహు తక్కువ.

దెబ్బ పడేది సాఫ్ట్‌వేర్ మీద. చిప్పు కంపెనీ చేతులెత్తేస్తే ఫోన్ కంపెనీకి కొత్త ఆండ్రాయిడ్ ఇవ్వడం తలనొప్పి. గూగుల్ ఫోన్ గెలాక్సీ నెక్సస్‌లో ఉన్నది ఓమాపే. 2013లో కిట్‌క్యాట్ అనే కొత్త ఆండ్రాయిడ్ వస్తే దానికి ఇవ్వలేదు. అప్‌డేట్లు ఇచ్చే 18 నెలల గడువు దాటిందని గూగుల్ చెప్పింది గానీ చాలామంది అనుమానం చిప్పు మీదే. అందుకని క్వారీ లారీ డ్రైవరు పాత ఫోన్ తెచ్చి బ్యాటరీ మార్చమంటే మార్చు, తప్పులేదు. కానీ సెట్టింగ్స్ తెరిచి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ అతనికే చూపించు. ఏళ్ల కిందటి తేదీ ఉంటే డబ్బు లావాదేవీలు ఇందులో వద్దని చెప్పు. భయపెట్టి కొత్త ఫోన్ అంటగట్టకు. చీమకుర్తి ఎంత ఊరని, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

స్టాకు కావాలంటే డెడ్ బోర్డులు, అంటే పాడైన ఫోన్ల లోపలి బోర్డులు కొను, అదీ మోడల్ నంబర్ చూసి. గెలాక్సీ ఎస్2 అంటే అన్నీ ఒకటే అనుకునేవాళ్లు. బ్యాటరీ తీసి చూస్తే ఐ9100లో శాంసంగ్ సొంత చిప్పు ఎక్సినోస్, చివర జి ఉన్నదాంట్లో ఓమాప్. పైకి కవలలు, లోపల బోర్డు వేరు. ఇప్పటికీ ఒకే పేరుతో వేర్వేరు ప్రాసెసర్లున్న ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

ఆగిపోయిన చిప్పు ‘కొత్తది’ అని ఎవడైనా తెస్తే మైక్రోస్కోప్ కింద పెట్టు. పాత బోర్డు మీంచి పీకి, రీబాల్ చేసి (అడుగునుండే సోల్డర్ బాల్స్ మళ్లీ వేసి), పైన గీకి అక్షరాలు మళ్లీ కొట్టినవి తిరుగుతుంటాయి. అంచుల దగ్గర గీతలు, బాల్స్ మధ్య పాత పేస్టు కనిపిస్తే మారుమాట్లాడకుండా తిప్పి పంపు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆండ్రాయిడ్ 10తోనో ఆ పై వెర్షన్‌తోనో అమ్మిన ఫోన్లలో ఎన్‌క్రిప్షన్, అంటే లోపలి డేటాకు తాళం వేసి దాచడం, తప్పనిసరి. దాని తాళం ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. సీపీయూ, అదే ప్రాసెసర్, మార్చి ఫోన్ ఆన్ చేశావనుకో, బిల్లు వస్తుంది గానీ అందులో ఉన్న పెళ్లి ఫొటోలు రావు. ఫొటోలు కావాలన్నవాడికి పాత సీపీయూనే రీబాల్ చేసి చూడు. అది కూడా గ్యారంటీ లేదని, వేడిగాలి బ్లోయర్ దెబ్బకు సీపీయూ పైనున్న ర్యామ్ (మెమరీ చిప్పు) కూడా పోవచ్చని ముందే చెప్పి, బిల్లు మీద రాయించుకో.

చిప్పులకు పెడదామనుకున్న డబ్బుతో మంచి మైక్రోస్కోప్ తీసుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గరున్న పాత బోర్డుల డబ్బా పట్టుకుపో, మోడల్ నంబర్లు రాసి పెడతాను.

మీ మామయ్య