రేటింగ్ 4 ఉన్న బడిలో పాపను చేర్చవచ్చా?

ప్రశ్న: డాలస్ వచ్చి రెండు నెలలైంది. మా అపార్ట్‌మెంట్ పరిధిలోని బడికి ఆన్‌లైన్‌లో పదికి 4 రేటింగ్ చూపిస్తోంది. నల్లజాతి, మెక్సికన్ పిల్లలే ఎక్కువట. లీజు రద్దు చేసుకుని, డాలస్ శివారులోని ఫ్రిస్కో వెళ్లిపొమ్మంటున్నారు ఫ్రెండ్స్. పాప ఐదో తరగతి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: లీజు మధ్యలో తెంపుకుని డబ్బు పోగొట్టుకోకండమ్మా. ముందు బడి ఆఫీసుకి ఫోన్ చేసి, టైమ్ తీసుకుని వెళ్లి చూసి రండి. ఆ రేటింగులో పెద్ద భాగం పరీక్ష మార్కులదే. మార్కుల వెనక ఇంటి ఆదాయం ఉంటుంది. టీచర్ ఎలా చెబుతారో ఆ అంకెలో కనపడదు.

ఇక్కడ బడికొచ్చే డబ్బులో చాలా వాటా ఇంటి పన్నుదే. ఇళ్ల ధర తక్కువైతే పన్నూ తక్కువే వస్తుంది. ఇది అన్యాయమని మన టెక్సాస్‌లోనే ఉన్న శాన్ ఆంటోనియోలో డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, తోటి తల్లిదండ్రులు 1968లో కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు మాత్రం ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. 1993 చట్టంతో ఆస్తులెక్కువున్న స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని బళ్లను నడిపే సంస్థల) పన్నులో కొంత తీసి మిగతావాటికి పంచడం మొదలైంది. తేడా తగ్గింది కానీ పోలేదు.

డబ్బొక్కటే కాదు, తెలియకపోవడం కూడా పిల్లల్ని వెనక్కి లాగుతుంది. మా అమ్మాయీ మీ పాపలాంటి బడిలోనే చదివింది. ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వేయమని నేను వెళ్లి అడిగాను, వేశారు. అవే మార్కులొచ్చే దాని స్నేహితురాలు, నల్లజాతి అమ్మాయి, మామూలు క్లాసులోనే ఉండిపోయింది. వాళ్లమ్మ రెండు ఉద్యోగాలు చేసేది. అడగాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే నేను ఖమ్మంలో సంక్షేమ హాస్టల్లో ఉండి చదివినవాణ్ణి. ఎంసెట్ అప్లికేషన్ తెచ్చి నా చేత నింపించిన వార్డెన్ సారు లేకపోతే ఇంజనీరింగ్ మొహమే చూసేవాణ్ణి కాదు.

ఎనిమిదిలో ఆల్జీబ్రా అయితేనే పన్నెండులో కాల్‌క్యులస్ వరకు సాఫీగా వెళ్తారు. ఆ దారి ఆరో తరగతిలోనే మొదలవుతుంది. 2023లో టెక్సాస్ మంచి చట్టం చేసింది. ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో బడే చేర్చాలి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. ఇది మీ బడిలో ఎలా జరుగుతోందో కౌన్సెలర్‌ని అడగండి. మీ పాప గురించే కాదు, క్లాసులో అందరి గురించీ అడగండి.

బడి టైటిల్ వన్ కిందకి వస్తుందా అని కూడా అడగండి. పేద పిల్లలు ఎక్కువున్న బళ్లకి 1965 చట్టం కింద కేంద్రం ఇచ్చే డబ్బు అది. వస్తే, ఏడాదికొకసారి తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి తీరాలి. ఇంగ్లీషు రానివాళ్లకి బడే దుబాసీని ఏర్పాటు చేయాలి. ఆ మీటింగుకి పక్కింటి మెక్సికన్ అమ్మని కూడా పిలవండి. ఆవిడకి కారు లేకపోతే మీ కారులోనే తీసుకెళ్లండి.