స్కాన్ కోసం తెరిచిన పాత తలుపు

ప్రశ్న: చిన్న జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పాత మెషిన్‌లో స్కాన్ చేస్తే ఫైలు నేరుగా కంప్యూటర్ ఫోల్డర్‌లోకి వచ్చేది. విండోస్ 11 సిస్టం కొన్నాక ఆగిపోయింది. మెకానిక్ ‘ఎస్‌ఎంబీ 1.0’ ఆన్ చేస్తే మళ్లీ వస్తోంది. అది ప్రమాదం, తీసేయమంటాడు మా మేనల్లుడు. తీస్తే స్కానింగ్ పోతుంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మేనల్లుడి మాట వినండమ్మా. మెకానిక్ మీ పని నడవాలనే చేశాడు, కాదనను. కానీ ఎస్‌ఎంబీ 1980లలో పుట్టింది. ఒకే ఆఫీసులో నమ్మకస్తులు ఫైళ్లు పంచుకోవడానికి చేసిన పద్ధతి. అందులో ఈ మొదటి రకాన్ని వాడొద్దని మైక్రోసాఫ్ట్‌లో ఆ పని చూసే నెడ్ పైల్ 2016లోనే గట్టిగా చెప్పాడు.

2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ‘వనాక్రై’ అనే ప్రోగ్రాం వచ్చింది ఈ దారినే. ఎవరూ ఏ లింకూ నొక్కలేదు. ఒక సిస్టంకి సోకితే చాలు, పక్కవాటికి దానంతటదే పాకింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. ఆ లోపానికి మందు, అంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్, మార్చి 14నే విడుదలైంది, వేసుకోనివాళ్లే ఎక్కువ నష్టపోయారు.

అప్పట్లో నేను గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. ఒక ఆడిటరు గారు పిలిచారు. తెర మీద ఎర్ర పెట్టె, బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమని. పక్కనే గడువు తరిగిపోతూ ఉంది. బ్యాకప్ ఉందన్నారు. ఉంది, అదే సిస్టంకి తగిలించిన డిస్కులో. అదీ పోయింది. నేను ఉన్నంతసేపూ ఆయన ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పాలో కాగితం మీద పేర్లు రాసుకుంటూనే ఉన్నారు. మీ ఫోల్డర్‌లోనూ ఊరివాళ్ల ఆధార్ కాపీలు, దస్తావేజులు ఉంటాయి కదా, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అప్‌డేట్లు వేస్తున్నాను కదా అనుకోవచ్చు. 2017 నాటి ఆ ఒక్క కన్నం మూసుకుంది, నిజమే. తర్వాతి రకాల్లో ఉన్న రక్షణలు మాత్రం ఈ పాతదానికి రావు.

స్టార్ట్‌లో ‘విండోస్ ఫీచర్స్’ అని కొట్టండి. జాబితాలో ‘ఎస్‌ఎంబీ 1.0/సీఐఎఫ్‌ఎస్ ఫైల్ షేరింగ్ సపోర్ట్’ దగ్గర టిక్ తీసి, సిస్టం రీస్టార్ట్ చేయండి. అంతే.

ఇక స్కానింగ్. ముందు మెషిన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉందేమో చూడండి. ఉంటే అందులోకే స్కాన్ చేసుకోవచ్చు, రెండు అడుగులు నడవాలి అంతే. లేకపోతే మెషిన్ సెట్టింగ్స్‌లో, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే మరో పద్ధతి ఎఫ్‌టీపీ ఉందేమో మెకానిక్‌ని చూడమనండి. అదీ పాత పద్ధతే, గుప్తలిపి ఉండదు కాబట్టి షాపు లోపలి నెట్‌వర్క్ దాటనివ్వొద్దు. మెషిన్ సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ అప్‌డేట్ ఇచ్చి ఉంటే తర్వాతి రకమైన ఎస్‌ఎంబీ 2 రావచ్చు, మోడల్ నంబరు చెప్పి అడగండి.

ఏదీ కుదరకపోతే పాత సిస్టం ఒకటి ఇంటర్నెట్ లేకుండా మెషిన్‌కి మాత్రమే కలిపి ఉంచి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. టిక్ తీశాక మొదటిసారి స్కాన్ బటన్ నొక్కితే ఎర్రర్ వస్తుంది. అది చూసి మెకానిక్ మళ్లీ పాత టిక్ పెడతానంటే ఒప్పుకోకండమ్మా.