పాపా, ఎంజైముల పాఠం పుస్తకంలో కాదు, ముందు గంజిలో చూడు

పాపా,

నిన్న ఫోన్లో ఎంజైముల పాఠం మూడుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదని ఏడుపు గొంతుతో చెప్పావే, రాత్రంతా నాకు అదే ఆలోచన. అనంతపురంలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఈ పాఠం ఎక్కడ జారిపోతుందో నాకు తెలుసు. ముందు నిర్వచనం వస్తుంది, తర్వాత కొండలాంటి గ్రాఫు వస్తుంది, రెండూ బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తారు. నువ్వు ఈ ఆదివారం పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లు.

అమ్మ గంజి వార్చినప్పుడు ఒక చెంచాడు తీసుకుని గ్లాసు నీళ్లలో కలుపు. పల్చగా ఉండాలి, చిక్కగా ఉంటే ఎంతసేపు కూర్చున్నా ఏమీ తేలదు. దాన్ని రెండు చిన్న గ్లాసుల్లో పోసుకో. నోరు పుక్కిలించి, ఒకదాంట్లో నీ ఉమ్మి చెంచాడు వెయ్యి, రెండోదాంట్లో అంతే ఉమ్మిని కాసిన్ని నీళ్లతో గరిటెలో బాగా మరగబెట్టి, చల్లార్చి వెయ్యి. తెల్ల ప్లేటు మీద నీళ్లు కలిపిన బెటాడిన్ చుక్కలు వరసగా పెట్టుకుని, రెండు నిమిషాలకోసారి ఒక్కో గ్లాసు నుంచి ఒక్కో చుక్క వాటి మీద వేస్తూ పో. చెంచాలు మాత్రం వేరువేరుగా ఉండాలి, ఒకటే వాడితే మొత్తం పాడవుతుంది. మొదట రెండూ నల్లటి నీలం, పిండి ఉన్నచోట బెటాడిన్‌లోని అయోడిన్ ఇచ్చే రంగు అది. కాసేపటికి మొదటి గ్లాసు చుక్క ఊదాకు తిరుగుతుంది, తర్వాత ఎర్రమట్టి రంగు, చివరికి బెటాడిన్ రంగు బెటాడిన్‌లాగే ఉండిపోతుంది. అంటే గంజిలోని పిండి ముక్కలై చక్కెర వైపు వెళ్లిపోయింది. ఆ పని చేసింది నీ ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము. రెండో గ్లాసు నీలంగానే ఉంటుంది.

ఇక్కడే పిల్లలు "వేడికి ఎంజైము చచ్చిపోయింది" అని రాస్తారు. అది రాయకు. ఎంజైముకు ప్రాణం లేదు, అది రసాయన చర్యల వేగం పెంచే ప్రొటీను. 1897లో బూక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్టును ఇసుకతో నూరి, పిండి తీసిన రసంలో చక్కెర వేస్తే, బతికున్న కణం ఒక్కటి కూడా లేకుండానే అది పులిసింది. మరగబెట్టినప్పుడు జరిగేది గుడ్డు తెల్లసొన గట్టిపడటం లాంటిదే, మడతలు విప్పుకుని ఆకారం పోతుంది, ఆకారం పోతే పనీ పోతుంది. చలి అలా చెయ్యదు, నెమ్మదింపజేస్తుంది అంతే. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన దోసెపిండి బయట పెడితే మళ్లీ పొంగుతుంది.

ఇక ఆ కొండ గ్రాఫు, చర్య జరిగేటప్పుడు శక్తి ఎలా ఎక్కి దిగుతుందో చూపేది. నంద్యాల నుంచి గిద్దలూరుకు రైల్లో పోయేటప్పుడు నల్లమలలో బొగద సొరంగం వస్తుంది చూడు. కొండ నెత్తికెక్కి దిగాలంటే ఎంత శ్రమ, ఎంతమంది దాటగలరు? ఎంజైము చేసేది ఆ సొరంగం పనే. కొంచెం ఎక్కుడు మిగిలే ఉంటుంది గానీ చాలా తగ్గిపోతుంది, ఆ ఎక్కుడునే ఉత్తేజన శక్తి అంటారు. నంద్యాల ఎత్తు మారలేదు, గిద్దలూరు ఎత్తూ మారలేదు. అంటే చర్యలో విడుదలయ్యే శక్తి ఎంజైము ఉన్నా లేకున్నా ఒకటే. ఇంకోటి, రైలు అటూ పోతుంది ఇటూ వస్తుంది కదా, ఎంజైము కూడా రెండు దిక్కులా వేగం పెంచుతుంది, అందుకే సమతాస్థితి, అంటే రెండు దిక్కులా వేగం సమానమయ్యే చోటు, మారదు. పరీక్షలో మెలిక పెట్టి అడిగేది ఎక్కువగా దీని మీదే. వేగం ఎంతంటే, కార్బన్ డయాక్సైడు, నీరు కలిసే చర్య మామూలుగా గంటకు సుమారు 200 అణువులు. నీ రక్తంలోని కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము చేతిలో పడితే సెకనుకు సుమారు 6 లక్షలు. ఈ ఉత్తరం చదువుతూ నువ్వు వదిలే ప్రతి ఊపిరిలోనూ ఆ పని ఉంది.

ఎంజైము బీగం, దానికి సరిపోయే అణువు బీగంచెవి అనే పోలిక 1894లో ఫిషర్ అనే శాస్త్రవేత్త చెప్పింది, అది రాయి, మార్కులొస్తాయి. కానీ మనసులో మాత్రం అవ్వ నులకమంచం పెట్టుకో. పడుకుంటే మంచం మనిషికి తగ్గట్టు ఒంగుతుంది, లేస్తే మళ్లీ యథాప్రకారం, ఇంకొకరికి సిద్ధం. యాక్టివ్ సైట్, అంటే ఎంజైములో అణువు కూర్చునే చోటు, కూడా అణువు వచ్చి కూర్చుంటే కొంచెం సర్దుకుంటుంది, దాన్ని లాగి వంచి తెగడానికి సిద్ధం చేస్తుంది, పని కాగానే వదిలేస్తుంది. ఎంజైము ఖర్చు కాదు. కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్త 1958లో చెప్పిన మాట ఇదే.

పీహెచ్, అంటే పులుపు, క్షారాల కొలత, దాని సంగతి సులువు, కడుపులో పెప్సిన్ అనే ఎంజైముకు పులుపు కావాలి, పేగులో ట్రిప్సిన్ అనేదానికి కొంచెం క్షారం కావాలి, అంతే.

వచ్చేవారం ఇంకోటి చెయ్యి. గుప్పెడు రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించు. మామూలు రాగిపిండితో చిక్కగా జావ కాచి, వేలు పెడితే ఓర్చుకునే వేడికి రానిచ్చి, ఈ మొలకల పిండి చెంచాడు కలిపి మూతపెట్టు. అరగంటకు తియ్యి. గరిటెకు అంటుకున్న జావ ధారగా జారుతుంది, నాలుక మీద కాస్త తీపి తగులుతుంది. మొలక తన ఆకలి కోసం తయారు చేసుకున్న అమైలేజ్ అది. 1833లో ఫ్రాన్సులో మొదటి ఎంజైమును వేరు చేసింది కూడా మొలకెత్తిన బార్లీ నుంచే.

నీలం పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నోట్సులో రాసుకుని ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, చూస్తుంటాను.

నీ పెద్దనాయన
అనంతపురం