డీప్ పర్పుల్ మీద పుస్తకం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన నలభై పేజీలు రెండుసార్లు చదివా. మొదటిసారి రాత్రి పడుకునే ముందు, రెండోసారి పొద్దున్నే, నువ్వు చెప్పిన పాటలన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని వింటూ. నీకు డీప్ పర్పుల్ అంటే ఎంత ప్రాణమో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. తెలుగులో ఇలా ఒక ఇంగ్లిష్ హార్డ్ రాక్ బ్యాండ్ చరిత్ర రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది, అందుకే మొహమాటం పెట్టుకోకుండా చెప్తున్నా, ఆ నలభైలో ముప్పై పేజీలు స్కూల్లో హాజరు పట్టీ చదివినట్టు ఉన్నాయి.

మనుషులు మారినప్పుడల్లా ఆ జట్టుకి మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని నంబరు వేసే ఫ్యాన్స్ లెక్క ఒకటుంది కదా, నువ్వు దాన్నే పట్టుకుని నడిచావు. ఫలానా సంవత్సరం వీళ్ళు వెళ్ళారు, వాళ్ళు వచ్చారు, ఆల్బమ్ వచ్చింది, మళ్ళీ ఒకడు వెళ్ళాడు. చదివేవాడికి మూడో మార్పు దగ్గరికి వచ్చేసరికి పేర్లు కలిసిపోతాయి, ఐదో మార్పు దగ్గర పుస్తకం పక్కన పెట్టేస్తాడు. ఆ పట్టిక వెనక పేజీలో వేసెయ్, అవసరమైనవాడు చూసుకుంటాడు. పుస్తకం మొత్తాన్ని నడిపించే ప్రశ్న ఒకటి కావాలి, అది నీ కథలోనే ఉంది, నువ్వే పైనుంచి దాటేశావు. ఇంతమంది మారినా దాన్ని అదే బ్యాండ్ అని ఎందుకంటున్నాం? పేరు ఎవరిది? ఏది ఉంటే డీప్ పర్పుల్, ఏది పోతే కాదు?

అసలు పుట్టుకే చూడు. 1967 చివర్లో క్రిస్ కర్టిస్ అనే డ్రమ్మర్, సెర్చర్స్ బ్యాండ్‌లో వాయించినవాడు, ఒక ఆలోచన చేశాడు. మనుషులు రంగులరాట్నం మీద ఎక్కి దిగినట్టు బ్యాండ్‌లోకి వచ్చి పోతుండాలి, అందుకే దాని పేరు రౌండబౌట్. టోనీ ఎడ్వర్డ్స్ అనే వ్యాపారి డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్ వచ్చాడు, జర్మనీలో హాంబర్గ్‌లో ఉన్న గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్‌ని పిలిపించారు. తీరా చూస్తే ఆ ఆలోచన చేసిన కర్టిసే అందరికన్నా ముందు దిగిపోయాడు. నువ్వు దీన్ని ఒక్క లైన్లో రాశావు తమ్ముడూ! దీని మీద నాలుగు పేజీలు రాయొచ్చు. యాభై ఏళ్ళకు పైగా జరిగిన రాకపోకలన్నిటికీ ముందే ఎవరో జాతకం రాసిపెట్టినట్టు లేదూ? తర్వాత హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో డీవ్స్ హాల్ అనే పాత ఇంట్లో రిహార్సల్స్, గాయకుడు రాడ్ ఎవాన్స్, బేస్ గిటార్ నిక్ సింపర్, డ్రమ్స్ ఇయన్ పేస్, బ్లాక్‌మోర్ వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో ఇష్టపడే పాత పాట పేరు బ్యాండ్‌కి పెట్టుకోవడం, 1968లో హష్ అనే పాట అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్ళడం, ఇవన్నీ నువ్వు బాగానే రాశావు, వాటిని కదపకు.

ఇక 1969 జూన్. నా దృష్టిలో నీ పుస్తకానికి గుండెకాయ ఇదే, నువ్వేమో ఆరు లైన్లలో ముగించావు. బ్లాక్‌మోర్, లార్డ్, పేస్ ముగ్గురూ సౌండ్ ఇంకా గట్టిగా ఉండాలనుకున్నారు, ఎవాన్స్ గొంతు దానికి సరిపోదనుకున్నారు. ఎపిసోడ్ సిక్స్ అనే బ్యాండ్‌లో పాడుతున్న ఇయన్ గిల్లాన్‌ని చూసి వచ్చారు, అతనితో పాటు బేస్ వాయించే రోజర్ గ్లోవర్ కూడా వచ్చాడు. లండన్‌లో హాన్‌వెల్ కమ్యూనిటీ సెంటర్‌లో కొత్త ఐదుగురూ పగలు రహస్యంగా రిహార్సల్ చేసేవాళ్ళు. అదే రోజుల్లో పాత ఐదుగురూ బుక్ అయిన షోలు చేస్తూనే ఉన్నారు. ఆలోచించు ఒక్కసారి. పొద్దున కొత్తవాడితో పాట కట్టి, సాయంత్రం పాతవాడి పక్కన నిలబడి తమకేమీ తెలియనట్టు వాయించాలి. ఆ ముగ్గురి మొహాలు ఎలా ఉండి ఉంటాయి? సింపర్‌కి, ఎవాన్స్‌కి తెలియకముందు వాళ్ళు స్టేజ్ మీద ఎంత మనసు పెట్టి వాయించి ఉంటారు? వాళ్ళ మనసులో ఏముందో కల్పించి రాయమనడం లేదు, ఊహించి డైలాగులు పెట్టొద్దు, కానీ ఆ రెండు గదుల్నీ పక్కపక్కన పెట్టు చాలు, మిగతాది చదివేవాడే పడతాడు.

నాకు ఇది ఎందుకింత గట్టిగా తగులుతుందో చెప్తా. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో మా వైపు పెళ్ళిళ్ళకి, నవరాత్రి పందిళ్ళకి పాడే ఒక ఆర్కెస్ట్రా మీద పెద్ద వ్యాసం రాశా. అందులో తబలా వాయించే ఆయన గురించి "కొన్నాళ్ళకి మానేశాడు" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయా. అది అచ్చయ్యాక ఆయన భార్య నన్ను బజార్లో ఆపి అడిగింది, "మానేశాడని రాశారు, ఎందుకు మానేశాడో ఒక్కసారైనా మా ఇంటికొచ్చి అడిగారా బాబూ" అని. పిల్ల ఫీజు కోసం ఆయన తబలా అమ్మేసి ఆటో నడుపుతున్నాడని ఆ రోజు తెలిసింది నాకు. ఆవిడ కోప్పడలేదు, అడిగిందంతే. ఇప్పటికీ ఎవరైనా "వెళ్ళిపోయాడు" అన్న మాటతో వాక్యం ముగిస్తే నాకు ఆవిడ గొంతే వినిపిస్తుంది.

నీ డ్రాఫ్ట్‌లో "వెళ్ళిపోయాడు" పధ్నాలుగు సార్లు ఉంది, లెక్కపెట్టా.

మార్క్ 2, అంటే ఆ కొత్త ఐదుగురి విషయానికొస్తే, 1970లో ఇన్ రాక్, 1971లో ఫైర్‌బాల్, 1972లో మెషీన్ హెడ్, ఈ ఆల్బమ్‌లు అందరికీ తెలిసినవే. స్విట్జర్లాండ్‌లో మాంట్రో కాసినో మంట కథ, 1971 డిసెంబర్ 4న ఫ్రాంక్ జాపా షో జరుగుతుంటే ఎవడో ఫ్లేర్ గన్ పేల్చడం, సరస్సు మీద పొగ, స్మోక్ ఆన్ ద వాటర్ పాట పుట్టడం, ఇది రాక్ వినే ప్రతివాడూ వందసార్లు విన్నదే కాబట్టి రెండు పేరాలకి మించొద్దు. దానికి బదులు చైల్డ్ ఇన్ టైమ్ దగ్గర ఆగు. ఆ పాట మొదట్లో వచ్చే ఆర్గాన్ వరస ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ వాయించిన బాంబే కాలింగ్ నుంచి వచ్చింది. తర్వాత 1995లో డీప్ పర్పుల్ నిజంగానే బాంబే వచ్చి వాయించింది, ఆ రికార్డింగ్‌కి కూడా బాంబే కాలింగ్ అనే పేరే పెట్టారు. అప్పటికి స్టేజ్ మీద గిటార్ పట్టుకున్నది బ్లాక్‌మోర్ కాదు. ఇలాంటి దారాలు దొరికితే వదలకు, మనవాళ్ళకి ఆ బ్యాండ్ ఒక్కసారిగా దగ్గరైపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మనిషి మారాడని రాసే ముందు చెవితో విను. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ని గిటార్లకి వాడే మార్షల్ ఆంప్‌కి కలిపి గిటార్ లాగా గర్జించేట్టు చేశాడు, అందువల్ల బ్లాక్‌మోర్ గిటారూ అతని ఆర్గానూ సమానంగా పోట్లాడుకునేవి. నా మట్టుకు డీప్ పర్పుల్ అంటే ఆ పోట్లాటే, దాని కింద పేస్ డ్రమ్స్. మేడ్ ఇన్ జపాన్ అనే లైవ్ ఆల్బమ్ పెట్టు, 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో షోల్లో రికార్డు చేసింది. స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్ పాట మధ్యలో బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక ముక్క వాయిస్తే గిల్లాన్ దాన్నే గొంతుతో తిరిగి అంటాడు, మళ్ళీ అతను, మళ్ళీ ఇతను, జుగల్బందీ లాగా పైపైకి పోతుంది. వింటే ఆ ఇద్దరూ ఒకే ఊపిరి తీసుకుంటున్నారేమో అనిపిస్తుంది. నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబర్‌లో, గిల్లాన్ రాజీనామా ఉత్తరం రాసేశాడు. వచ్చే జూన్ దాకా ఉంటాను, ఆ తర్వాత నేను ఉండను అని. ఆఖరి షో 1973 జూన్ 29న, అదీ ఒసాకాలోనే! గ్లోవర్‌ని కూడా పంపించేశారు, బ్లాక్‌మోర్ పట్టుబట్టడం వల్ల.

దీన్ని నువ్వు "ఈగో గొడవలు" అని రాశావు. ఈగో ఉంది, కాదనను, బ్లాక్‌మోర్‌కీ గిల్లాన్‌కీ మాటలు పడేవి కావు. కానీ ఏళ్ళ తరబడి ఊపిరి సలపనివ్వకుండా టూర్ మీద టూర్, మధ్యలో జబ్బులు, జబ్బుతో రద్దయిన షోలు, వాటి మధ్యలోనే ఆల్బమ్‌లు. ఎవరూ ఆగి మీరు మూడు నెలలు ఇంటికెళ్ళండ్రా అనలేదు. అలసట కూడా ఒక కారణమే, పేపర్లలో రాయరు కానీ బ్యాండ్‌లు చాలావరకు దానివల్లే విడిపోతాయి. ఎవడో ఒకణ్ణి విలన్ని చేస్తే రాయడం తేలికైపోతుంది, నువ్వు ఆ తేలిక దారి పట్టొద్దు. గ్లోవర్‌నే చూడు, తనని బయటికి పంపించిన బ్లాక్‌మోర్ పెట్టుకున్న రెయిన్‌బో బ్యాండ్‌లోకి 1979లో తనే వెళ్ళి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేశాడు, బేస్ వాయించాడు. ఇలాంటి మనిషిని విలన్-హీరో లెక్కలో ఎక్కడ పెడతావు?

గిల్లాన్ తర్వాత గాయకుడిగా వచ్చిన డేవిడ్ కవర్‌డేల్ భాగం బాగుంది, రెడ్‌కార్‌లో బట్టల షాపులో పనిచేసే కుర్రాడు బర్న్ లాంటి ఆల్బమ్‌లో పాడటం దానికదే సినిమాలా ఉంటుంది, గ్లోవర్ చోట్లో వచ్చిన గ్లెన్ హ్యూస్‌తో కలిసి ఇద్దరి గొంతులు పెనవేసుకోవడం గురించి కూడా చక్కగా రాశావు. ఆ ఫంక్ వాసన పెరిగాకే బ్లాక్‌మోర్‌కి విసుగొచ్చి 1975లో బయటికెళ్ళాడన్నదీ సరే.

బ్లాక్‌మోర్ చోట్లోకి వచ్చిన గిటారిస్ట్ టామీ బోలిన్ దగ్గర మాత్రం నాకు బాధేసింది. "మార్క్ 4 ఫెయిల్యూర్" అని రాశావు. ఇరవై నాలుగేళ్ళ అమెరికన్ కుర్రాడు, డ్రమ్మర్ బిల్లీ కాబమ్ ఆల్బమ్ స్పెక్ట్రమ్‌లో అతని గిటార్ విన్నావా? విను, విన్నాక ఆ మాట కొట్టేస్తావు. జనం బ్లాక్‌మోర్ కోసం అరుస్తుంటే ఆ చోట నిలబడి వాయించాల్సొచ్చింది, మత్తుమందుల అలవాటు, జపాన్‌లో చెయ్యి సరిగ్గా పనిచేయక లార్డే ఆర్గాన్‌తో గిటార్ భాగాలు కూడా మోశాడు. 1976 మార్చి 15న లివర్‌పూల్‌లో ఆఖరి షో. అది అయ్యాక కవర్‌డేల్ రాజీనామా ఇవ్వడానికి వస్తే, ఇవ్వడానికి ఇక బ్యాండే లేదన్నారని చెప్తారు. ఆ డిసెంబర్ 4న బోలిన్ మయామీలో చనిపోయాడు, పాతికేళ్ళు. మాంట్రో మంట తారీఖు కూడా అదే, కానీ రెంటినీ కలిపి విధి అదీ ఇదీ అని రాయొద్దు. పాతికేళ్ళకి పోయిన పిల్లాడి గురించి మెల్లగా రాయి.

పేరు ఎవరిది అన్నా కదా, దానికి నీ దగ్గరున్న గొప్ప అధ్యాయం 1980. బ్యాండ్ లేని ఆ రోజుల్లో రాడ్ ఎవాన్స్ ఒక్కడు, మిగతావాళ్ళంతా ఎవరికీ తెలియనివాళ్ళు, డీప్ పర్పుల్ పేరుతో షోలు చేశారు, కోర్టు 6,72,000 డాలర్లు కట్టమంది, ఎవాన్స్‌కి రాయల్టీలు కూడా పోయాయి. మోసం మోసమే. అయినా పదకొండేళ్ళ కింద హాన్‌వెల్‌లో ఎవరినైతే చెప్పకుండా పక్కనపెట్టారో ఆ మనిషే ఇతను, ఈ రెండు అధ్యాయాల మధ్య చదివేవాడికి ఆ సంగతి గుర్తుండేలా నువ్వు ముందే రాసి ఉండాలి.

1984లో మార్క్ 2 రీయూనియన్, పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్ ఆల్బమ్, 1989లో గిల్లాన్‌ని తీసేయడం, గాయకుడిగా జో లిన్ టర్నర్, 1992లో మళ్ళీ గిల్లాన్, 1993 నవంబర్‌లో హెల్సింకీలో బ్లాక్‌మోర్ ఆఖరి షో, జపాన్ టూర్‌కి గిటారిస్ట్ జో సాత్రియానీ వచ్చి నిలబెట్టడం, వీటిని గబగబా దాటించెయ్. ఆ తర్వాత గిటార్ పట్టిన స్టీవ్ మోర్స్ దగ్గర మళ్ళీ ఆగు. 1994 నుంచి 2022 దాకా, ఇరవై ఎనిమిదేళ్ళు! బ్లాక్‌మోర్ రెండు విడతలూ కలిపినా అంత లేదు. అయినా చాలామందికి అతను ఎప్పటికీ కొత్త గిటారిస్టే. 2016లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి బ్యాండ్‌ని తీసుకున్నప్పుడు ఎనిమిది పేర్లు చదివారు, అందులో మోర్స్ లేడు, సింపర్ లేడు, బోలిన్ లేడు. మోర్స్ ఆ రాత్రి స్టేజ్ మీద వాయించాడు కూడా. భార్య జబ్బు పడితే ఆవిడ దగ్గర ఉండటానికే 2022లో బ్యాండ్ వదిలాడు. ఆ మనిషికి నువ్వు ఇచ్చింది రెండు వాక్యాలు.

2002లో లార్డ్ తప్పుకుని ఆర్గాన్ దగ్గరికి డాన్ ఎయిరీ వచ్చాక, 2012లో లార్డ్ పోయాక, అది ఇంకా డీప్ పర్పులేనా అని అడిగేవాళ్ళు ఉన్నారు. నేను చెప్పిన పోట్లాట ప్రకారం చూస్తే కాదనాలి, కానీ పేస్ 1968 నుంచి ఒక్క లైనప్ కూడా తప్పకుండా ఆ కుర్చీలోనే ఉన్నాడు, అతని డ్రమ్స్ వింటే కాదనడానికి నోరు రాదు నాకు. నా దగ్గర జవాబు లేదు, నువ్వు వెతుకు. ప్రతి లైనప్ నుంచి ఒక పాట తీసుకుని, గిటార్ని, గొంతునీ వదిలేసి ఒక్క పేస్‌నే వింటూ వెళ్ళు, ఏం వినిపించిందో నోట్‌బుక్‌లో రాసుకో.

ఈసారి నలభై పేజీలు పంపొద్దు. ఎనిమిది చాలు. 1969 జూన్ ఒక్క నెల, హాన్‌వెల్ గది, సాయంత్రం స్టేజ్, అందులో సింపర్ కూడా ఉండాలి. రాయడం అవ్వగానే పంపు, నేను చూస్తుంటా.

ప్రేమతో,
అన్నయ్య