వలస వెళ్లిన కుటుంబాలను సంఘంతో కలిపి ఉంచడం (సమాధానం)

వందనాలు అన్నా. ఆదోని దగ్గర మీ సంఘం వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద ప్రార్థన విన్నపాలు మునిగిపోతున్నాయని, మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిన కుటుంబాలు తిరిగొచ్చేదాకా సంఘానికి దూరమైపోతున్నాయని రాశారు కదా, పత్తికొండ దగ్గర మా సంఘంలోనూ ఇదే బాధ ఉండేది.

ముందు ఆ గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి. ఆరాధన టైము, కూటాల కబుర్లు అందులోనే. ప్రార్థన విన్నపాలకు వేరే చిన్న గ్రూపు పెట్టి, ఓపికున్న ఒక అక్కకు అప్పజెప్పండి, ఎవరిదైనా జబ్బు సంగతి వాళ్లను అడగకుండా మాత్రం పెట్టనివ్వకండి.

వలస వాళ్లకు లైవ్ పెద్దగా పనికిరాదన్నా, ఆదివారం కూడా కోత ఉంటుంది, సిగ్నల్ అంతంతమాత్రం. పైగా ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మేం ప్రసంగంలో ముఖ్యమైన మాటలు ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపుతాం, చివర్లో ఊరు వదిలి వెళ్లిన ఒక్కొక్కరి పేరు పలికి ప్రార్థిస్తాం. చదువు రాని ఒక అవ్వ చేను గట్టున పట్ట గుడిసెలో, కారం ఘాటుకు మండే చేతులతోనే మనవడి ఫోన్ చెవికి ఆనించుకుని రెండుసార్లు విని, "నా పేరు చెప్పినారు నాయనా" అని తిరిగి వాయిస్ పంపింది. ఆ వారం నుంచి మేం ఒక్క పేరు కూడా వదల్లేదు.

పేర్ల జాబితా ఈ ఆదివారమే రాసుకోండి, ఫోన్ లేని ఇంటికి పక్కింటి నంబరు తీసుకోండి.