మా పాప సీఎస్ఈ వద్దు, ప్లానింగ్ చదువుతానంటోంది, ఏం చేయాలి?

సంగారెడ్డి నుంచి ఒక తండ్రి అడిగారు: "సార్, మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మాది హార్డ్‌వేర్ షాపు. ఇన్నాళ్ళు సీఎస్ఈ అన్నది, ఇప్పుడు బీప్లాన్ అంటున్నది, ఊర్లు రోడ్లు ప్లాన్ చేస్తదంట. మా బామ్మర్ది అయితే అది సివిలే కదా, ఎండల తిరుగుడు, జీతాలు రావు అంటున్నడు. అసలు ఇదేం కోర్సు, దీంతోని ఉద్యోగాలు ఉంటయా, జర చెప్పండి."

నమస్తే అండి. మీ బామ్మర్ది గారు చెప్పింది సగం నిజం, ఎండలో తిరగాల్సిందే. ఇక సివిల్ ఒకటే ఇది ఒకటే అన్నది మాత్రం చాలామంది పడే పొరపాటు. రోడ్డు ఇక్కడ వేయండి అని తేల్చాక సివిల్ ఇంజనీర్ దగ్గరికి వస్తుంది, కంకర ఎంత, తారు ఎంత, నీళ్ళు ఎటు పోవాలి అన్నది ఆయన లెక్క. అసలు రోడ్డు అక్కడే ఎందుకు, ఎంత వెడల్పు వదలాలి, పక్కన ఇళ్ళు రావాలా గోడౌన్లు రావాలా, ఇరవై ఏళ్ళకి ఆ దారిన ఎంతమంది పోతారు, బస్సెక్కుతారా బండి తీస్తారా, ఇదంతా ప్లానర్ పని. ఊరు పెరగకముందు చేసుకోవాలి, పెరిగాక చేద్దామంటే ఇళ్ళ మీద మార్కింగులు వేసి కూలగొట్టుడే మిగులుతుంది.

మీ షాపుకి రోజూ ఇళ్ళు కట్టుకునేవాళ్ళే వస్తారు కాబట్టి మీకు ఇట్టే అర్థమయ్యేది ఒకటి చెప్తా. నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్ళు ఒక కన్సల్టెన్సీలో ట్రాఫిక్ సర్వేలు చేశాను. హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) బయట ఒక ఊర్లో రెండు లేఅవుట్లు పక్కపక్కనే ఉన్నాయి, ఇందులో 30 అడుగుల రోడ్డు, అందులో కూడా 30 అడుగుల రోడ్డు, బ్రోచర్లలో ఇద్దరూ గొప్పగా వేసుకున్నారు, కానీ ఈ రోడ్డు ఆ రోడ్డుకి కలవదు, మధ్యలో ప్రీకాస్ట్ గోడ. గోడకి ఇటు స్కూల్ బస్సు రివర్స్ తీసుకుంటోంది, క్లీనర్ వెనక నిలబడి బస్సు మీద కొడుతూ రానీ రానీ అని అరుస్తున్నాడు, గోడ మీదుగా చూస్తే అటు వంద గజాల్లో ఆ స్కూలు బోర్డే కనిపిస్తోంది! బస్సు మళ్ళీ హైవే ఎక్కి, ముందుకు పోయి యూటర్న్ కొట్టి, రెండు కిలోమీటర్లు తిరిగి ఆ బోర్డు దగ్గరికి చేరాలి. ఆ చుట్టు తిరిగే బస్సులు, ఆటోలు, బండ్లన్నీ హైవే లెక్కలో పడతాయి, హైవే జామ్ అవుతోంది ఫ్లైఓవర్ కావాలని అర్జీలు మొదలవుతాయి. రెండు లేఅవుట్ల ఫైళ్ళు వేర్వేరుగా కాకుండా ఒకే మ్యాప్ మీద పెట్టి చూసిన మనిషి ఒక్కరుంటే ఆ గోడ దగ్గర రోడ్డు ఉండేది.

దీన్నే పెద్ద సైజులో చూడాలంటే మన హైదరాబాద్ పడమటి వైపు చూడండి. ముంబై లాంటి చోట స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్ఎస్ఐ లెక్క ఉంటుంది. 2012లో వచ్చిన జీవో 168 రూల్స్ ప్రకారం మన దగ్గర అలాంటి పరిమితి లేదు, ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌ని బట్టి ఎత్తు వస్తుంది. అందుకే కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు చూస్తున్నాం, ఒక్కో టవర్‌లో ఒక చిన్న ఊరంత జనం, పొద్దున తొమ్మిదింటికి అందరూ ఒకే గేట్లోంచి బయటికి రావాలి. మెట్రో చూస్తే మొదటి దశ 69 కిలోమీటర్లు వేసి ఆ వైపు రాయదుర్గం దగ్గర ఆపారు, ఆఫీసులేమో దాన్ని దాటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పోయాయి. భూమి ఎలా వాడాలో ఒకరు, బండ్లు ఎలా నడవాలో ఇంకొకరు, ఎవరి ఫైలు వాళ్ళది అన్నట్టు నడిస్తే ఇలాగే ఉంటుంది. మీ పాప చదువుతానంటున్న కోర్సులో ల్యాండ్ యూజ్, ట్రాన్స్‌పోర్ట్ రెండూ కలిపి చదువుతారు, ఒకటి మారిస్తే రెండోది మారుతుంది కాబట్టి.

రీజినల్ ప్లానింగ్ అనే మాట కూడా పాప అనే ఉంటుంది. ఫ్యాక్టరీ పటాన్‌చెరులో, ఇల్లు సంగారెడ్డిలో, పిల్లల కాలేజీ మియాపూర్‌లో, ప్లాట్ కొన్నదేమో సదాశివపేట దగ్గర, మీ షాపుకొచ్చే కస్టమర్లలో ఇలాంటివాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఇన్ని మున్సిపాలిటీలు, పంచాయతీలు ఎవరికి వారు ప్లాన్ వేసుకుంటే కుదరదు కనుక అన్నీ కలిపి ఒక ప్రాంతంగా చూడాలి. హెచ్ఎండీఏ, అంటే హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అందుకే ఉంది, 2008లో ఏర్పడినప్పుడు దాని పరిధి సుమారు 7,257 చదరపు కిలోమీటర్లు, 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మొత్తం అందులోనే. 2031 నాటికని వేసిన మాస్టర్ ప్లాన్‌కి 2013లో ఆమోదం వచ్చింది.

ఇప్పుడు చెప్పేది పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, కోర్సు వీడియోల్లో ఇది చెప్పరు. 2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది గుర్తుందా? డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ దగ్గర పెద్ద గొడవైంది, చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ డ్రాఫ్ట్ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. జగిత్యాలలో కూడా అదే నెలలో దాదాపు అదే కథ. ప్లానింగ్ మ్యాపుల్లో ఇళ్ళకి పసుపు రంగు, పరిశ్రమలకి ఊదా రంగు వేస్తారు. ఏసీ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని ఊదా రంగు నింపడం అరనిమిషం పని, ఆ రంగు కింద పడ్డ రెండెకరాలాయన బిడ్డ పెళ్ళికి ఆ భూమి అమ్ముకుందామని చూస్తుంటాడు, రంగు పడ్డ రోజు నుంచి కొనేవాడు రాడు. మ్యాప్ తప్పో ఒప్పో తర్వాత సంగతి, అలాంటాయన ఎదురుగా నిలబడి ఇది ఎందుకు ఇలా వేశాం అని అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి, ఆయన చెప్పింది విని అవసరమైతే గీత జరపగలగాలి. నా లెక్కలో ఈ ఉద్యోగంలో కష్టం ఇదే, మ్యాథ్స్ కాదు సాఫ్ట్‌వేర్లు కాదు. మనుషులతో మాట్లాడటం చిరాకనిపించే పిల్లలకి నేను ప్లానింగ్ చెప్పను.

సరే, చదువు సంగతి. నాలుగేళ్ళ బీప్లాన్‌కి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. ఇంజనీరింగ్ వాళ్ళు రాసే పేపర్ 1 వేరు. 2బిలో మ్యాథ్స్, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ మీద ప్రశ్నలు ఉంటాయి, ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉండవు, ఆర్కిటెక్చర్ వాళ్ళకున్నట్టు డ్రాయింగ్ టెస్ట్ కూడా లేదు. మొత్తం 100 ప్రశ్నలు 400 మార్కులు, అందులో సగం ప్రశ్నలు ఆప్టిట్యూడే. అప్లికేషన్ నింపేటప్పుడు 2బి టిక్ పెట్టడం మర్చిపోయి తర్వాత నాకు ఫోన్ చేసి ఏడ్చిన పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు, ఆ పని మీరు దగ్గరుండి చూసుకోండి. కాలేజీల్లో మనకి దగ్గరిది విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), 2008లో భోపాల్‌తో పాటు పెట్టారు, ఢిల్లీ ఎస్పీఏ అన్నిటికంటే పాతది, హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గరున్న ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో కూడా ప్లానింగ్ ఉంది, దాని అడ్మిషన్ నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. పేరు తెలియని ప్రైవేట్ కాలేజీలో లక్షలు పోసి బీప్లాన్ చేయించాల్సిన పని లేదు. మంచి సీటు రాకపోతే సివిల్ బీటెక్ చేసి, గేట్ రాసి, తర్వాత ఎంప్లాన్‌లోకో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్‌లోకో రావచ్చు, వరంగల్ ఎన్ఐటీలో ఆ ఎంటెక్ ఉంది, ఖరగ్‌పూర్ ఐఐటీలో సిటీ ప్లానింగ్ ఉంది. ఈ దారిలో వచ్చినవాళ్ళు ఫీల్డ్‌లో బోలెడు మంది, ఎవరూ తక్కువగా చూడరు.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్తా. గవర్నమెంట్‌లో టౌన్ ప్లానింగ్ విభాగాలు ఉన్నాయి, టీపీబీఓ (టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్) అంటారే ఆ పోస్టుల నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ దాకా, కానీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, పైగా టీపీబీఓకి సివిల్ డిప్లొమా వాళ్ళు, ఆర్కిటెక్చర్ వాళ్ళు అందరూ పోటీ. దాని మీద ఆశ పెట్టుకుని మూడేళ్ళు కోచింగ్ సెంటర్లుండే అశోక్ నగర్‌లో రూము తీసుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ప్రైవేట్‌లో కన్సల్టెన్సీలు, మెట్రో, హైవే ప్రాజెక్టులు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) కంపెనీలు, రియల్ ఎస్టేట్ సంస్థలు తీసుకుంటాయి. మొదటి రెండు మూడేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఫ్రెండ్ కంటే తక్కువే ఉంటుంది, దసరాకి చుట్టాలు కలిసినప్పుడు ఆ పోలిక వస్తుంది, దానికి మీరిద్దరూ ఇప్పుడే సిద్ధపడితే మంచిది. ఎక్సెల్, క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ గట్టిగా వచ్చి, ఒక్క ట్రాఫిక్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగితే నాలుగో ఏడు నుంచి పరిస్థితి మారుతుంది. క్యూజీఐఎస్ ఫ్రీ, ఇప్పుడే ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వేసుకుని సంగారెడ్డి మ్యాప్ మీద ఆడుకోమనండి.

మీ చుట్టాల్లో ఎవరైనా డల్లాస్ వైపు ఉన్నారా? డల్లాస్ పక్కనే మనవాళ్ళు బాగా స్థిరపడ్డ ఫ్రిస్కో ఊర్లో 2000లో జనాభా సుమారు 34 వేలు, 2020 కల్లా 2 లక్షలు. అమెరికాలో 50 వేలు దాటిన పట్టణ ప్రాంతాలకి రవాణా ప్లాన్ చేసే ప్రాంతీయ సంస్థ ఉండాలని చట్టమే ఉంది, కనీసం ఇరవై ఏళ్ళు ముందుకు చూసి ప్లాన్ వేయాలి, లేకపోతే ఫెడరల్ డబ్బులు రావు. డల్లాస్ చుట్టుపక్కలకి కూడా అలాంటి కౌన్సిల్ ఒకటి పనిచేస్తోంది. అక్కడికి పోయి ఎంఎస్ చేసే దారి కూడా ఉంది కానీ అదేదో ఇప్పుడే ఆలోచించకండి, ఇంటర్ ఫస్టియర్ పిల్ల.

ఒక్క పని చేయించండి. పాపకి ఒక రోజు కాలేజీ మానిపించినా పర్లేదు, సోమవారం వద్దు ఆదివారం అసలే వద్దు, మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఒక పక్కన నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, మీరు కూడా పక్కనే ఉండండి. ఒక ప్యాడ్, తెల్ల కాగితం, పైన 15 నిమిషాలకో గడి, పక్కన బండ్లు: టూవీలర్, ఆటో, కారు, డీసీఎం, లారీ, ఆర్టీసీ బస్సు, కంపెనీ బస్సు. పటాన్‌చెరు వైపు పోయేవి మాత్రమే లెక్కపెట్టాలి, బండికో గీత, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. టూవీలర్లు మొదటి పావుగంటలోనే చెయ్యి నొప్పెట్టిస్తాయి. అయిపోయాక కాగితం కింద రెండు ముక్కలు రాయమనండి, ఇంతమంది పొద్దున్నే అటే ఎందుకు పోతున్నారు, బస్సుల్లో ఎందరు ఉన్నారు కార్లలో ఎందరు ఉన్నారు అని. ఆ షీట్ ఫోటో తీసి నాకు వాట్సాప్ చేయండి. లెక్క కరెక్టా కాదా అని నేను చూడను, తొమ్మిదీ నలభై ఐదు నుంచి పది దాకా ఉన్న గడిలో గీతలు ఎనిమిదింటికి కొట్టినంత శ్రద్ధగా ఉన్నాయా లేదా అన్నదే చూస్తాను, తర్వాత పాపతోనే ఫోన్లో మాట్లాడతా.